బాపు మాటలు రాసిన నోట్‌బుక్

చెల్పూరులో మా పక్కింటివాళ్లు తన అన్నంలో కరెంటు ప్లాంటు బూడిద కలుపుతున్నారని మా నాన్న, బాపు, నమ్మేవాడు. నేను వడ్డిస్తేనే తినేవాడు. రోగి మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయాలని భూపాలపల్లి గ్రంథాలయంలో చదివాను. పదో తరగతితో చదువు ఆగినవాణ్ణి, ఆ సంగతి తెలిసినందుకు గర్వపడ్డాను. రెండు నెలలు బాపు అన్నదల్లా తేదీలు వేసి రాశాను.

దవాఖానలో డాక్టరు నోట్‌బుక్ చదివి, "మంచిగ రాసినవ్ తమ్మీ" అన్నాడు. చీటీ మీద భ్రమల జబ్బుకున్న కోడ్, ఎఫ్ 22, వేశాడు.

బాపు నా వైపు తిరిగాడు. "నేను చెప్పినయన్నీ రాసిస్తున్నవా బిడ్డా? నువ్వు గూడ వాళ్ల దిక్కేనా?"

"కాదు బాపూ, నీ మందుల కోసమే."

బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో నేను పెట్టిన పళ్లెం నా ముందుకే జరిపి, "ముందుగాల నువ్వు తిను" అన్నాడు.

ఇప్పటికీ నేనొక ముద్ద తింటేనే బాపు అన్నం కలుపుతాడు.