పెద్దనాన్న తొలి మాట

ఈ రోజు మా పెద్దనాన్న మాట వింటామని చుట్టాలమంతా స్వీట్లు పట్టుకుని చిక్కడపల్లిలో చేరాం. ఆపరేషన్‌లో గొంతుకు గొట్టం వేసినప్పటి నుంచి ఆయనకు మాట లేదు. పీల్చిన గాలిని లోపలికే పోనిచ్చి, గొంతు మీదుగా బయటికి పంపే మాట్లాడే వాల్వ్‌ని ఆ గొట్టానికి ఎలా పెట్టాలో ఆస్పత్రిలో నర్సు పెద్దమ్మకు నేర్పింది. ముందు కఫం తీయాలి. తర్వాత గొట్టం చుట్టూ ఉన్న బుడగలో గాలంతా సిరంజితో లాగేయాలి. గాలి మిగిలితే పీల్చిన ఊపిరి బయటికి రాక ప్రాణం మీదికొస్తుంది. నిద్రపోయే ముందు వాల్వ్ తప్పక తీసేయాలి.

పెద్దమ్మ అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. వణికే చేతులతో వాల్వ్ పెట్టి, వెంకటేశ్వరస్వామి పటం ఆయన ముందు పట్టుకుంది.

"మొదటి మాట దేవుని పేరు అనుండ్రి," అంది.

ఆయన పటం వంక చూడనే లేదు.

"చేతులు గట్ల వణుకుతున్నయేందే? ఒక్క పనన్న సక్కగ చేసినవా ఎన్నడన్న? నిన్ను చేసుకున్ననాడే నా బతుకు ఆగమైంది!"

"గొంతు మంచిగొచ్చింది!" అని అంబర్‌పేట్ అత్తయ్య చప్పట్లు కొట్టింది.

పెద్దమ్మ పటాన్ని గోడకు తగిలించి వచ్చి, వాల్వ్ మీద చెయ్యి వేసింది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడాయన.

"పండుకునే ముందు తీసెయ్యాలని సిస్టర్ చెప్పింది."

"నాకు నిద్ర వస్తలేదే!"

"వస్తది," అని తీసేసింది. ఈసారి ఆమె చేతులు వణకలేదు.

ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. పెద్దమ్మ అందరికీ ఛాయ్ పోసింది, స్వీట్లు పంచింది. వాల్వ్ మళ్లీ ఎప్పుడు పెడతావని మాలో ఒక్కరూ అడగలేదు.

మీరైతే అడిగేవారా?