నాలుగింటి కబురు

పెద్ద టీచరు గారు పోయారు. ఆదివారం పొద్దున పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి కూర్చున్నాను, ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క లేదమ్మా. పాల ప్యాకెట్టు తెచ్చుకుందామని గేటు దాకా వెళ్ళింది, అక్కడే కూలబడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళితే గుండెపోటు, ప్రాణం పోయిందన్నారు" అంది. సరేనండి అన్నాను. చావు కబురుకి సరేననడమేమిటో! ఆవిరికి మూత ఎగిరెగిరి పడుతున్నా స్టవ్ కట్టెయ్యాలన్న తెలివి లేక అలాగే కూర్చున్నాను.

మా బడి రొంపిచెర్ల అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, టీచర్లం ఇద్దరమే, నరసరావుపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళం. ఆవిడ హెడ్డు, నేను ఆవిడ కింద. పిల్లలకి ఆవిడ పెద్ద టీచరు, నేను చిన్న టీచరు. నాకు యాభై దాటాయి, జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా చిన్న టీచర్నే. ఆవిడకైతే మరీ "అమ్మాయ్"ని. "అమ్మాయ్, రెండో తరగతి చూస్తుండు, వంటామెతో మాట్లాడొస్తా." "అమ్మాయ్, ఆ దయ్యానికి ఫోటోలు పెట్టావా?" దయ్యం అంటే ఫోన్లో ఉన్న యాప్. మరుగుదొడ్డి ఫోటో, అన్నం ఫోటో, గుడ్డు ఫోటో, పిల్లల హాజరు, మా హాజరు, అన్నీ అందులోకి ఎక్కించాలి. సిగ్నల్ లేని రోజున ఆ ఫోను పట్టుకుని గోడెక్కడం ఒక్కటే తక్కువ మాకు. ఇప్పుడు ఆ దయ్యమూ నాదే, అయిదు తరగతులూ నావే. పై ఆఫీసు వాళ్ళు వేరే బడి నుంచి ఎవరినో సర్దుబాటు మీద పంపిస్తామన్నారు. ఎప్పుడో వాళ్ళకే తెలియాలి.

మా బడి ఉన్న ఊరి మలుపులో రోజూ పొద్దున ఒక పసుపు వ్యాను వచ్చి ఆగుతుంది. ప్రైవేటు బడి వ్యాను. ఏటా వేసవి సెలవులయ్యేసరికి అది మా బళ్ళోంచి కొందరిని పట్టుకుపోతుంది. పిల్లలు మరీ తగ్గితే పై తరగతులు తీసి పక్క ఊళ్ళో కలిపేస్తారని మాకు ఎప్పుడూ గుబులే. అయినా కొన్ని ఇళ్ళవాళ్ళు ఇన్నేళ్ళూ కదల్లేదు. మిరపకోతలకి, పత్తితీతలకి పోయే తల్లులు వాళ్ళు. పెద్దగా చదువుకోలేదు, బడికొచ్చి చూసే తీరికా లేదు. వాళ్ళు ఉండిపోయింది పెద్ద టీచరు గొంతు విని. అదెలాగో చెబుతాను.

పొద్దున ప్రార్థన అయ్యాక ఆవిడ పుస్తకాలు తియ్యనిచ్చేవారు కాదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒక ఇంటి కబురు చెప్పమనేవారు. గేదె ఈనింది, తమ్ముడికి పన్ను ఊడింది, నాన్న కొత్త చెప్పులు తెచ్చాడు, ఏదైనా సరే. ఏం లేదు టీచర్ అంటే ఒప్పుకునేవారు కాదు. "ఏం లేకపోవటమేందే? రాత్రి మీ ఇంట్లో కూరేంది? అదే చెప్పు." వంతు వచ్చినప్పుడు తన కబురూ చెప్పేవారు. "మా మిక్సీ కాలిపోయిందిరా. రోట్లో పచ్చడి నూరితే భుజం పట్టేసింది." పిల్లలు అయ్యో అనేవాళ్ళు. అది వింటూనే ఆడపిల్లలకి జడలు వేసేవారు. కోతల రోజుల్లో తల్లులు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు కాబట్టి పిల్లలు రేగిన జుట్టుతోనే వస్తారు. బల్ల సొరుగులో దువ్వెన, కొబ్బరినూనె సీసా, గుప్పెడు రబ్బరు బ్యాండ్లు ఎప్పుడూ ఉండేవి. సిలబస్ ఎప్పుడవుతుందండీ అని నేను సణిగేదాన్ని. "వాళ్ళ బుర్రలో ఉన్నది బయటికి రానియ్యి అమ్మాయ్. అప్పుడుగానీ మనం చెప్పేదానికి చోటుండదు" అనేవారు.

ఒక ఏడు కోతల మధ్యలో తల్లిదండ్రుల సమావేశం పెట్టమన్నారు. కుర్చీలు వేశాం, ఒక్కరూ రాలేదు. చూడ్డానికొచ్చిన పై అధికారి ఒకాయన "వీళ్ళకి పిల్లల మీద శ్రద్ధ లేదండీ" అన్నాడు. పెద్ద టీచరుకి చుర్రుమంది. "శ్రద్ధ లేక కాదు సార్, కూలి పోయిద్దని రాలేదు. వాళ్ళు రాలేకపోతే మనం పోవాలి. కాళ్ళతో పోలేకపోతే గొంతుతోనన్నా పోవాలి" అన్నారు. ఆయనకి అర్థమైందో లేదో గానీ ఆ సాయంత్రం నాకు అర్థమైంది. బడి వదిలాక వరండాలో నిలబడి, ఆ రోజు ఏ తరగతిలో ఏం చేశామో వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు. కోత ముగించుకుని ఆటో ఎక్కిన ఆడవాళ్ళు ఒకరి ఫోన్లో స్పీకరు పెట్టుకుని అందరూ విన్నారట. మర్నాడూ పెట్టారు. ఇక అది ఆగలేదు. దానికి నాలుగింటి కబురని పేరు పెట్టింది ఆటోలో వాళ్ళే.

మొదట్లో ఒక పొరపాటు జరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం బడి పరువు పోయినంత పనైంది. ఆ రోజుల్లో ఆవిడ బడి సంగతులతో పాటు పొద్దున పిల్లలు చెప్పిన ఇంటి కబుర్లు కూడా ఒకటీ అరా కలిపేవారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి "మా మామకి ఇంకో పిల్లని చూడబోతన్నారు టీచర్" అంది. ఈవిడ అది సంతోషంగా గ్రూపులో చెప్పి, శుభమస్తు అని కూడా కలిపారు. ఆ పిల్ల తల్లిని ఊళ్ళో మేస్త్రమ్మ అంటారు. కోతలకి ఆడవాళ్ళని పోగేసి ఆటో ఎక్కించేది ఆమే. ఆమె తమ్ముడికి అప్పటికే ఒక పిల్లని చూసి, నచ్చింది, మంచిరోజు చూసి కబురు చేస్తామని చెప్పొచ్చారు. ఆ చూసొచ్చిన పిల్ల మేనత్త సరిగ్గా మేస్త్రమ్మ పక్కనే, అదే ఆటోలో కూర్చుని ఉంది. ఇంకేముంది! ఊరొచ్చేలోపు ఆటోలో పెద్ద రభస.

తెల్లారి మేస్త్రమ్మ బడి గుమ్మంలో నిలబడింది. "పిల్ల ఏదో వాగితే అది మైకులో చెప్పినట్టు చెప్తావా టీచరమ్మా? నలుగుర్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?" పెద్ద టీచరు ఎదురు చెప్పలేదు. తప్పు నాదే అన్నారు. అంతటితో ఊరుకోలేదు కూడా. మర్నాడు చీకటితోనే మొదటి బస్సుకొచ్చి, ఆటో బయలుదేరే చోట ఆ ఆడవాళ్ళందరి ముందూ మళ్ళీ అదే మాట చెప్పారు. పిల్లలు చెప్పింది ఇక బడి గోడ దాటదు, బళ్ళో జరిగింది మాత్రమే మీ దగ్గరికొస్తుంది అని మాటిచ్చారు. "పంతులమ్మ ఆటో కాడికొచ్చి తప్పయిందనటం నా జన్మలో చూళ్ళా" అని మేస్త్రమ్మ ఊరంతా చెప్పుకుంది. అప్పట్నుంచి ఆ ఆటోలో ఎక్కే ఏ తల్లీ వ్యాను వైపు చూడలేదు. ఆ సంబంధం మాత్రం కుదర్లేదు.

ఒకసారి కొలతల పాఠం. పుస్తకంలో ఉన్నదంతా పక్కన పెట్టి, గది పొడవు పాదాలతో కొలిచి రమ్మన్నారు. ఒక్కొక్కడూ ఒక్కో లెక్క చెప్పాడు. నాదే రైటు అంటే నాదే రైటని జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. నేను కర్ర పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు. "కొట్టుకోనీ అమ్మాయ్, ఇప్పుడు స్కేలు ఎందుకో వాళ్ళే అడుగుతారు." నిజంగానే అడిగారు. సాయంత్రం కబురులో ఆ గొడవంతా చెప్పి, మీ ఇల్లు ఎన్ని పాదాలో కొలవమని అడగండి అన్నారు. ఆ రాత్రి ఊళ్ళో తల్లులూ పిల్లలూ మంచాలు జరిపి మరీ కొలిచారట. తెల్లారి ఇంటి కబుర్లన్నీ పాదాలే.

ఆవిడకి ఓపిక ఎక్కువని అందరూ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓపికేం లేదు. తిరుగు బస్సెక్కగానే నా భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయేవారు. నా చీర భుజం దగ్గర తడిసేది. ఎందుకండీ ఈ వయసులో ఇంత తాపత్రయం, ఒక పూట మెసేజ్ మానేస్తే ఏమవుతుందని ఒకసారి విసుక్కున్నాను. కళ్ళు తెరవకుండానే "ఓపికున్నప్పుడే చేద్దామంటే ఏ పనీ కాదు అమ్మాయ్. నాక్కూడా లేదు" అన్నారు. మళ్ళీ గుర్రు.

ఆదివారం మధ్యాహ్నం నరసరావుపేటలో ఆవిడ ఇంటి ముందు టెంటు వేశారు. కోతల్లో ఆదివారమేముంది, ఆ తల్లులు చేలోనే ఉన్నారు. విషయం తెలిసి మేస్త్రమ్మ పని మధ్యలో ఆపించి ఆటో ఇటు తిప్పింది. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, తలలకి గుడ్డలు, అలాగే దిగారు. వాళ్ళు గేటు దాటగానే ఒంటి మీది మిరపఘాటుకి చుట్టాలు తుమ్మడం, దగ్గడం మొదలుపెట్టారు. ఎవరండీ వీళ్ళని ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అడిగింది. మా బడి తల్లులు అన్నాను. అందరూ కాళ్ళకి దండం పెట్టి వెళుతుంటే వీళ్ళు మాత్రం కాస్త దూరంలో ఆగిపోయారు. దగ్గరికి రండమ్మా అన్నాను.

"చేతులు కారం టీచరమ్మా. ఎంత కడిగినా పోదు. ముట్టుకుంటే ఆమెకి మంట పుట్టిద్ది" అంది ఒకామె.

పోయిన మనిషికి మంటేమిటని ఎవరూ అనలేదు. పొద్దుట్నుంచి రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

వెళ్ళేముందు మేస్త్రమ్మ నన్ను పక్కకి పిలిచింది. "వ్యాను వాళ్ళు మొన్న కూడా వచ్చి అడిగిపోయారు. ఆమె ఉంది గదా అని పంపం అన్నాం. ఇంక ఎవుర్ని చూసి ఉంచమంటావు, నువ్వే చెప్పు?" మొహమాటం తెలియని మనిషి. నన్ను చూసి ఉంచండి అనడానికి నాకు నోరు రాలేదు. ఈమె పిల్లలు కదిలితే ఆటోలో వాళ్ళందరి పిల్లలూ కదులుతారు, ఆ తర్వాత బడి ఉండదు. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. చూద్దాంలే అమ్మా అన్నాను, ఏం చూడాలో తెలియకుండానే.

సోమవారం సెలవిచ్చాం. మంగళవారం నేనొక్కదాన్నే బడి తాళం తీశాను. ప్రార్థన కాగానే పుస్తకాలు తియ్యమన్నాను. ఒక్కళ్ళూ తియ్యలేదు, గుండ్రంగా కూర్చున్నారు. "ఇవాళ వద్దర్రా, నాకు ఓపిక లేదు" అన్నాను. అయిదో తరగతి పిల్ల ఒకతి తలెత్తి "మీ ఇంటి కబురు అదేనా టీచర్?" అంది. అవునే అదే, అన్నాను. మోకాళ్ళు పోట్లు, నిద్ర లేదు, పొద్దున ఉప్మాలో ఉప్పెయ్యడం కూడా మర్చిపోయాను. అయ్యో అన్నారు. తర్వాత పక్క పిల్ల, ఆ పక్క పిల్ల. ఒకళ్ళమ్మ రాత్రంతా పెద్ద టీచరు పాత మెసేజ్‌లు పెట్టుకుని విన్నదట. ఎవరమ్మో చెప్పను, గోడ దాటించకూడదని మాట.

సాయంత్రానికి గొంతు పోయింది. ఒక తరగతికి లెక్క ఇస్తే ఇంకో తరగతి గోల, మధ్యలో వంట గ్యాసు అయిపోవడం, యాప్ తెరుచుకోకపోవడం. నాలుగింటికి వరండాలో ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆవిడలా మాట్లాడటం నాకు రాదు. పెట్టకపోతే వ్యానుకి నేనే దారి చూపించినట్టు. పెట్టినా, ఇది ఆమె గొంతు కాదు గదా అని మొదటి మాటకే ఆపేస్తారేమో. ఏదైతే అదైందని బటను నొక్కి, ఒక్క ఊపిరిలో జరిగిందంతా గబగబా అప్పజెప్పి, పంపేసి, తాళం వేసి బస్టాపుకి నడిచాను. నా మెసేజ్ నేనే మళ్ళీ వినలేదు, సిగ్గేసింది.

బస్టాపులో కూర్చోడానికి రాయి కూడా లేదు. ఒంటికాలి మీద ఒకసారి, రెండో కాలి మీద ఒకసారి బరువు మార్చుకుంటూ నిలబడ్డాను. అయిదు దాటాక ఫోను మోగింది. గ్రూపులో మేస్త్రమ్మ వాయిస్. ఇన్నేళ్ళలో ఆమె వినడమే గానీ పెట్టడం ఎరగదు. ఇక అయిపోయింది, పిల్లల్ని మాన్పిస్తున్నామని చెప్పడానికే అనుకున్నాను. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"టీచరమ్మా, అంత గబగబా చెప్తే ఎట్టా? ఆటో మోతలో ఒక్క ముక్క ఇనపళ్ళా. గడియారం అన్నావు. ఎవుళ్ళు నేర్చుకున్నారు, ఏం నేర్చుకున్నారు? నిదానంగా మళ్ళీ చెప్పు. ఉండు, ఆటో ఆపిస్తన్నా. ఒరేయ్, ఇంజను కట్టెయ్ రా!"

ఇంజను ఆగింది. "ఉష్, ఊరుకోండే" అని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఇంకేం లేదు. చేల మధ్య ఆగిన ఆటోలో అంతమంది ఊపిరి బిగబట్టి కూర్చున్న నిశ్శబ్దం కాసేపు వినిపించి, మెసేజ్ అయిపోయింది.

నరసరావుపేట బస్సు వచ్చింది. డ్రైవరు నన్ను ఎరిగున్నవాడే, నా ముందే ఆపాడు. పొమ్మని చెయ్యూపాను. రోడ్డు పక్క మట్టిలోకి దిగి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "రెండో తరగతి పిల్లలు ఇయ్యాల గడియారం చూడటం నేర్చుకున్నారు" అని ఒక్కో మాటా విడివిడిగా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.