కాఫీ చల్లారేంత సేపు

మా వియ్యపురాలు పోయింది. ఇక్కడ ఆస్ట్రేలియాలో, టూవూంబాలో మా ఇంట్లోనే, వెనక వరండాలో ఎండ పడే చోట వేసుకున్న పేము కుర్చీలోనే, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తూ పోయింది. కాఫీకి లేపుదామని వెళ్ళినదాన్ని నేనే. "వదినా" అని పిలిచాను. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే తెలిసింది. ముఖంలో నొప్పి జాడ లేదు. అబద్ధం ఎందుకు, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, నిమ్మళం. ఆసుపత్రి మంచం, ముక్కులో గొట్టం, ఒకరి చేత ఒళ్ళు తుడిపించుకోవడం, ఇవేవీ లేకుండా వెళ్ళిపోయింది మహాతల్లి. ఏడుపు తర్వాత వచ్చింది, కావలసినంత వచ్చింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. పోయింది ఆమె కన్నతల్లి కనుక మధ్యమధ్య పెన్ను ఆగుతోంది. ఆగినా సరే, నేను చెప్పవలసింది చెప్పే తీరతాను. ఎందుకంటే పెద్దకర్మ నాడు మన తెలుగు సంఘం హాల్లో భోజనాల దగ్గర రెండు మాటలు నా చెవిన పడ్డాయి.

"జబ్బున్న మనవరాలిని అంత దూరం డార్విన్ పంపేసి, ఆ బెంగతోనే పోయిందట పాపం" అంది ఒకావిడ.

"పంపించింది ఆ అమ్మమ్మేగా! ఉన్న జబ్బు ఊరంతా చాటిందీ ఆవిడే. ఇంక ఆ పిల్లకి సంబంధాలెక్కడ వస్తాయి?" అంది పక్కావిడ.

నా చేతిలో పెరుగు గిన్నె ఉంది. వాళ్ళ ప్లేట్లలో వడ్డించాను గానీ నెత్తిన కుమ్మరించలేదు. వదిన కర్మ భోజనమని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. మన సంఘం పత్రిక చదివేవాళ్ళలో ఆ మాటలు విన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళు కూడా జరిగింది జరిగినట్టు వినాలి.

నా మనవరాలికి పలక పట్టే వయసులోనే షుగర్ వచ్చింది. మనబోటి ముసలివాళ్ళకొచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు, రోజూ సూదితో ఎక్కించుకోవలసిందే. చక్కెర పెరిగితే ఒక ప్రమాదం, పడిపోతే ఇంకా పెద్ద ప్రమాదం, వెంటనే ఏదైనా తీపి తినాలి. ఇక చూడండి, ఇల్లంతా దాని చుట్టూ కాపలా. కోడలు ఆఫీసులోంచి కారేసుకుని మధ్యాహ్నం బడికి పోయి సూది వేసి వచ్చేది. నా కొడుకు అన్నం తూచి పెట్టేవాడు. నేను సూది కనపడితే చాలు పక్క గదిలోకి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని. పిల్ల మాత్రం చెయ్యి చాపి తల అటు తిప్పుకునేది. ఆ ఒళ్ళు తనది కానట్టు, మాకెవరికో అప్పగించినట్టు ఉండేది.

అప్పుడు దిగింది రాజమండ్రి నుంచి మా వియ్యపురాలు. ఆవిడకీ షుగరే, పెద్దవాళ్ళ రకం, ముదిరి సూదిదాకా వచ్చింది. మొదట్లో మా ఇద్దరికీ పడేది కాదు. నేను గుంటూరు దాన్ని, పులుసు పెడితే కారం నషాళానికంటాలి. ఆవిడ గోదావరి చెయ్యి అందులో కాస్త బెల్లం వెతుక్కునేది. "షుగర్ మనిషికి బెల్లమేందండీ వదినగారూ?" అని నేను అంటే, "తినడానికి కాదండీ, వాసనకి" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

వచ్చిన కొత్తలోనే భోజనానికి కూర్చుంటూ, సూదీ మందూ కలిసి ఉండే తన ఇన్సులిన్ పెన్ను మనవరాలి ముందు పెట్టింది.

"ఒసే బంగారం, నా కళ్ళు మసకలే. దీని మీద అంకె ఎంతుందో చూసి తిప్పి పెట్టవే."

"అమ్మమ్మా, పుట్ యువర్ గ్లాసెస్ ఆన్!"

"పెట్టుకున్నా కనపడట్లేదే తల్లీ."

పిల్ల విసుక్కుంటూనే తిప్పింది. ఆవిడ అద్దాలు సర్దుకున్నట్టే సర్దుకుని, ఓరకంట ఒకసారి చూసుకుని, పొడుచుకుంది. అదే ఆవిడ మర్నాడు పొద్దున గడప దగ్గర నిలబడి, నేను స్టవ్ పక్కన పోసిన కందిపప్పులో రాయి ఉందని చూపించింది. నాకు అర్థమైపోయింది. పిల్ల బడికి వెళ్ళాక నిలదీశాను.

"ఏందండీ, పప్పులో రాయి కనపడుద్ది, పెన్ను మీద అంకె కనపడదా?"

"రాయి నేను ఏరాలి వదినగారూ. అంకె అది చదవాలి."

ఆ రోజు నుంచి నేను ఆవిడని 'గారు' లేకుండా వదినా అనే పిలిచాను. ఆ మసక కళ్ళ నాటకం సంగతి కొడుక్కీ కోడలికీ చెప్పలేదు. ఇప్పుడే, ఈ వాక్యం రాస్తున్నప్పుడే, కోడలికి తెలిసింది. పెన్ను పక్కన పెట్టి కాసేపు లేచి వెళ్ళింది. వచ్చింది. రాస్తోంది.

అమ్మమ్మ సూది చూసే పిల్ల అమ్మమ్మ కంచం కూడా చూడడం మొదలుపెట్టింది. "అమ్మమ్మా, సెకండ్ టైమ్ రైస్ వేసుకున్నావు, దిస్ ఈజ్ నాట్ ఇనఫ్" అని గద్దించేది. ఆవిడ దొంగలా నోరు మూసుకుని ఇంకో గీత తిప్పించుకునేది. అలా ముసలిదాని సూది దగ్గర పెత్తనం చేసి చేసి, ఒకనాడు తల్లి సూది పట్టుకుని రాగానే, "ఇటివ్వు మామ్, నాది కూడా నేనే చేసుకుంటా" అంది. తల తిప్పుకోలేదు. పొట్ట మీద చర్మం పట్టుకుని, చూసుకుంటూ, తనే వేసుకుంది. నేను ఆ రోజు పక్క గదిలోకి పోలేదు.

ఇక ఊరంతా చాటిందన్న మాట. చాటింది, నిజమే. ఎలా చాటిందో వినండి.

ఆడపిల్ల కదా, రేపు పెళ్ళి కావలసింది కదా అని, షుగర్ మాట బయట అనకూడదని ఇంట్లో కట్టుబాటు. మనవాళ్ళ పండగలకి వెళితే దాని అవస్థ చూడాలి. ఆంటీలు ప్రేమగా లడ్డూ చేతిలో పెడతారు. వద్దంటే "ప్రసాదం తింటే ఏమీ కాదమ్మా" అంటారు. తింటే సూది వేసుకోవాలి, సూది ఎవరికీ కనపడకూడదు. అందుకని టాయిలెట్‌లో దూరి వేసుకునేది, లేదా ప్రసాదం కాగితంలో చుట్టి సంచిలో దాచేది. ఒకసారి బడిసంచి నిండా చీమలు పట్టి పుస్తకాలన్నీ పెరట్లో దులుపుకోవలసి వచ్చింది.

ఆ చీమల్ని చూసింది మా వదిన. మళ్ళీ వచ్చిన వినాయక చవితికి హాల్లో అందరి మధ్య కుర్చీ లాక్కుని కూర్చుని గట్టిగా పిలిచింది.

"ఇలా రావే! మనిద్దరికీ షుగర్ కదా, సూదులు తీసుకురా. వేసుకుని లడ్డూ తిందాం."

చుట్టూ తలలన్నీ ఇటు తిరిగాయి. కోడలి ముఖం పాలిపోయింది. పిల్ల ఒక్క క్షణం తల్లి వైపు చూసింది, ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత సంచి తీసుకుని వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ వేసుకున్నారు, ఇద్దరూ లడ్డూ తిన్నారు. మా వదిన వేళ్ళు నాకింది కూడా.

కార్లో కోడలు ఏడ్చింది. "రేపు దాని పెళ్ళి సంగతేంటమ్మా?"

"సంగతి తెలిసినవాడే వస్తాడు. తెలియకుండా వచ్చినవాడికి వంట చేసి పెట్టడం కూడా దండగే" అంది మా వదిన.

కానీ ఆ కారు కదలకముందే ఇంకొకటి జరిగింది. ఒకావిడ పార్కింగ్‌లో పరుగులాంటి నడకతో వచ్చి, అద్దం దించమని సైగ చేసి, మెల్లగా అంది: "ఆంటీ, మా బాబుకి కూడా ఉందండీ. ఎవరికీ చెప్పలేదు." అంత మాట అని, కన్నీళ్ళు పెట్టుకుని, మా వదిన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఊరంతా చాటిందని అన్నవాళ్ళకి ఈ ముక్క తెలియదు.

తర్వాత పిల్ల ఇక్కడే యూనివర్సిటీలో నర్సు చదువు చదివింది. ఈలోగా చేతికి బిళ్ళలాగా అంటించుకునే యంత్రం వచ్చింది. ఒంట్లో చక్కెర ఎంతుందో ఫోన్‌లో గీతలా కనపడుతుంది, పడిపోతే ఎర్రబడి మోగుతుంది. దాని ఫోన్‌లోనే కాదు, అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో, అమ్మమ్మ ఫోన్‌లో కూడా. పిల్ల యూనిలో పాఠం వింటుంటే ఇంటివాళ్ళ ఫోన్లన్నీ కూసేవి. వెంటనే కోడలు ఫోన్ చేసేది, "తిన్నావా?" అని. "మామ్! ఐ ఆల్రెడీ ఏట్!" అని అరిచేది అది. కోడలు పెట్టేసిన వెంటనే నా కొడుకు చేసేవాడు.

చదువవగానే దేశానికి ఆ చివరనున్న డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఇల్లు అట్టుడికిపోయింది.

"టూవూంబాలో హాస్పిటల్ లేదా? అక్కడ ఉక్కపోత, తుఫాన్లు. రాత్రి షుగర్ పడిపోతే ఎవరున్నారు నీకు?" అన్నాడు నా కొడుకు.

"డాడ్, ఇక్కడుంటే నా షుగర్ నాది కాదు, ఫ్యామిలీది" అంది అది.

అప్పుడు మా వదిన అల్లుడితో అంది: "వెళ్ళనివ్వండి బాబూ. సూది వేసుకోవడం దానికి వచ్చు. తనకిలా ఉంటుందని నలుగురికీ చెప్పుకోవడం వచ్చు. ఆ రెండూ రాకపోతే నేనే వద్దనేదాన్ని."

పిల్ల ఒక షరతు పెట్టింది. ఇక ఒక్క ఫోన్‌లోనే తన గీత కనపడాలి, అది అమ్మమ్మ ఫోన్. తల్లి ముఖం చూస్తే నాకే జాలి వేసింది. "అయితే నువ్వు చూసి నాకు చెబుతూ ఉండమ్మా" అంది. "అవసరమైతే చెబుతాను" అంది మా వదిన.

ఆ 'అవసరమైతే' అన్న మాట ఎంత బరువో చూసినదాన్ని నేను ఒక్కదాన్నే.

కొడుకూ కోడలూ ఆఫీసులకి పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఏ మధ్యాహ్నమో ఫోన్ మోగేది. గీత ఎర్రబడి కిందికి జారుతూ ఉండేది. ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నాతో, "కాఫీ కలుపు వదినా" అనేది. చక్కెర లేని కాఫీ, స్టీలు గ్లాసులో, పొగలు కక్కుతూ తెచ్చి పెట్టేదాన్ని. తాగేది కాదు. గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టి కూర్చునేది, ఫోన్ మీదకి వెళ్ళకుండా వాటిని కట్టేసుకున్నట్టు.

"దానికి ఫోన్ చెయ్యవేందీ? పడిపోతా ఉంటే చూస్తా కూర్చుంటావా?" అని నేను కేకలు వేసేదాన్ని.

"దానికీ మోగింది వదినా. తెలుసు దానికి. కాఫీ చల్లారేంత సేపు చూద్దాం."

ఆ కాఫీ ఎంత మెల్లగా చల్లారేదో ఆ దేవుడికే తెలియాలి. గీత ఇంకా జారేది, ఆగేది, కాసేపు అలాగే ఉండేది. ఉన్నట్టుండి పైకి తిరిగేది. అప్పుడు మా వదిన గుండెల నిండా గాలి పీల్చుకుని, "తినేసింది వదినా" అనేది. ఆ తర్వాతే కాఫీ తాగేది. ఒక్కసారి మాత్రం గ్లాసు చల్లబడిపోయింది. వెంటనే ఫోన్ చేసింది. పిల్ల నిద్రగొంతుతో పలికింది: "నైట్ డ్యూటీ అయి పడుకున్నా అమ్మమ్మా. బిళ్ళ ఉన్న చెయ్యి ఒంటి కింద నలిగింది, అందుకే తప్పు చూపిస్తోంది. ఐ యామ్ ఫైన్. గో డ్రింక్ యువర్ కాఫీ." ఇద్దరూ ఒకటే నవ్వు.

మొదటి వానాకాలం డార్విన్‌లో గాలివాన కొట్టి కరెంటు పోయింది. ఇన్సులిన్ చల్లగా ఉంచకపోతే పాడైపోతుంది. ఇక్కడ మేము టీవీ ముందు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే, తీరిగ్గా ఫోన్ చేసింది పిల్ల. "పక్కింటి వాళ్ళ ఎస్కీలో పెట్టేశా అమ్మమ్మా, వాళ్ళ బీర్ల పక్కన." ఎస్కీ అంటే ఐసుముక్కలు పోసుకునే పెట్టె. పక్కింటివాళ్ళు తలుపు కొట్టి మరీ అడిగారట, నీ మందుకి చోటు కావాలా అని. ఇంట్లో దిగిన రోజే వాళ్ళకి తన సంగతి చెప్పుకుంది కనుక వాళ్ళకి తెలుసు. చాటడం వల్ల ఏమొచ్చిందమ్మా అని అడిగేవాళ్ళకి, ఇదీ వచ్చింది.

బెంగతో పోయిందా? ఆ రోజు నా చేతి గోంగూర పచ్చడి మెచ్చుకుని మరీ అడిగి వేయించుకున్న మనిషి! నేను కాఫీకి లేపబోయినప్పుడు ఆవిడ ఒళ్ళో ఫోన్ ఉంది. గీత ఎక్కడా వంపు లేకుండా, పచ్చగా, సాపుగా ఉంది. పిల్ల బాగుందని చూసుకునే కళ్ళు మూసుకుంది.

కబురు తెలియగానే పిల్ల తనే విమానం ఎక్కి వచ్చింది. తల్లిని పట్టుకుని ఏడ్చింది, తల్లికి వేళకి అన్నం పెట్టింది. పెద్దకర్మ భోజనాల్లో బూరెలు వడ్డించే ముందు అదే హాల్లో, అందరి మధ్య సూది తీసి వేసుకుంది. అవతలి బల్ల దగ్గర ఇంకో కుర్రవాడు కూడా తన పెన్ను తీశాడు. వాడి తల్లి, ఆనాడు పార్కింగ్‌లో పరుగెత్తుకొచ్చినావిడ, వాడి పక్కనే కూర్చుని పులిహోర కలుపుకుంటోంది.

తిరిగి వెళ్ళేటప్పుడు పిల్ల అమ్మమ్మ ఫోన్ పట్టుకుని తల్లి ముందు నిలబడింది. కోడలు చెయ్యి చాపింది. చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నానమ్మకివ్వు. నేను ఆగలేను" అంది.

"నాకు అక్షరం ముక్క రాదే!" అన్నాను.

"చదవక్కర్లేదు నానమ్మా. రెడ్ కిందికి పోతే వెయిట్. పైకి వస్తే ఓకే. రాకపోతే ఈ బొమ్మ నొక్కు, నేను పలుకుతా."

నిన్న మధ్యాహ్నం మోగింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. గీత ఎర్రగా జారుతోంది. బొమ్మ మీదకి వెళ్ళిన వేలిని వెనక్కి లాక్కుని లేచి, కాఫీ కలిపి, గ్లాసు చుట్టూ చేతులు చుట్టుకుని ఆవిడ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. జారింది. ఆగింది. కదల్లేదు. తర్వాత మెల్లగా పైకి తిరిగింది.

"తినేసింది వదినా" అన్నాను.

పేము కుర్చీలో ఎండ పడుతోంది. గ్లాసు ఇంకా వేడిగానే ఉంది.