మత్స్యలింగం గారికి ఏదీ వేడి కాదు

మే నెలలో నర్సీపట్నం రోడ్ల మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే, "ఇదీ ఒక వేడేనేటి" అనగలిగిన మనిషి మత్స్యలింగం గారొక్కరే. మూడు వందల డిగ్రీలు దాటనిదేదీ ఆయన దృష్టిలో వేడి కాదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఐస్‌లాండ్‌లో, కెన్యాలో భూమి లోపలి వేడి కోసం తవ్విన బోర్లలోకి ముప్పై ఏళ్ళు కొలత పరికరాలు దించారు. ఆ వేడికి మామూలు మీటరు మాడి మసవుతుంది. అందుకని దాన్ని ఉక్కు ఫ్లాస్కులో పెట్టి గబగబా దించి, అది ఉడికేలోగా లాగెయ్యాలి.

రిటైరై వస్తూ, పొడవాటి వైరు చివర సూదిమొన ఉన్న మీటరొకటి వెంట తెచ్చుకున్నారు. సాంబారులో ముంచేవారు, స్నానం బకెట్లో ముంచేవారు. జ్వరంతో మూలుగుతున్న భార్య పుష్పవతి చంకలో పెట్టి, "ముప్పై తొమ్మిదే. దీనికింత గోలెందుకే" అన్నారు. ఆవిడ కోలుకోగానే మీటరును బియ్యం డబ్బాలో పాతేసింది.

పుష్పవతి తమ్ముడు కొండబాబు ఇవన్నీ భరించాడు. ఈ ఏడు బావగారు తన బెల్లం పొయ్యి మీద పడటం మాత్రం భరించలేకపోయాడు.

కొండబాబు దగ్గర ఇరవై ఏళ్ళుగా పాకం చూసేది పోలిరాజు. నీళ్ళలో చుక్క వేసి నలిపి చూడటం కొత్తవాళ్ళ పని. పోలిరాజు బుడగ చూసి "దించండి" అంటాడు. ఆ మాట అనేదాకా పెనం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అలాంటిది సీజను మొదట్లోనే రెండు పెనాలు మాడాయి. "ఇంకొక్కటి మాడితే రావికమతం నుంచి వేరే మనిషిని తెస్తాను" అన్నాడు కొండబాబు, పెద్ద షావుకారులాగా.

మర్నాటి నుంచి, బియ్యం డబ్బాలోంచి తవ్వి తీసిన మీటరుతో బావగారు హాజరు. పాకంలో మొన ముంచి ఊరంతా వినపడేట్టు కేకలు.

"నూట పది. నూట పదిహేను. నూట పద్దెనిమిది."

"దించండి" అనేవాడు పోలిరాజు.

"పోలిరాజు మావ కన్ను కన్నా నీ డబ్బా గొప్పదేటి బావా?" అనేవాడు కొండబాబు.

"నీ పొయ్యి వేడి మా బోర్లో అయితే ఐసురా."

కూలీలు నవ్వేవారు. బావగారు అందరి ముందూ పోలిరాజు పరువు తీస్తున్నాడని కొండబాబుకు ఒళ్ళు మండింది. ఒకరోజు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు కొనుక్కు రమ్మని బావగారిని బస్సెక్కించేశాడు.

ఆ రోజు పాకం ముదిరింది. వాసన మారింది. పోలిరాజు గరిటె పట్టుకుని, పెనం వైపు కాక రోడ్డు వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

"ఏటి మావా, దించమనవా?"

"లింగంబాబు రానేదా?" అన్నాడు పోలిరాజు సన్నగా.

కొండబాబు అప్పుడు చూశాడు, పోలిరాజు రెండు కళ్ళలోనూ తెల్లటి పొర.

అంతలో మత్స్యలింగం గారు పరుగున వచ్చారు. ఇంజను బోనెట్టు మీద మొన పెట్టి "ఇది కాలడమేటి" అని వాదిస్తే, డ్రైవరు ఊరి చివరే దించేశాడట. మొన ముంచి, "నూట పంతొమ్మిది" అని అరిచారు.

"బేగి దించండి" అన్నాడు పోలిరాజు. పెనం దక్కింది.

కొండబాబు బావగారిని పక్కకు లాగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"రెండో పెనం మాడిన్నాడు. ఎదురుగా నిలబడితే ఎవులని అడిగినాడు."

"నాతో సెప్పొచ్చు గదా."

"సెప్తే రావికమతం మనిషిని తెద్దువు. మీటరు వేడికి ఆగదని మేం పారెయ్యంరా. ఫ్లాస్కులో పెట్టి వాడుకుంతాం."

కొండబాబుకు సిగ్గేసింది. ఆ వారమే పోలిరాజును కంటి ఆసుపత్రికి తనే తీసుకెళ్ళాడు.

ఆపరేషనయి, నల్లద్దాలు తీసేసిన తర్వాత పోలిరాజు మళ్ళీ పెనం ముందు నిలబడ్డాడు. మత్స్యలింగం గారు నోరు తెరిచేలోగా "దించండి" అన్నాడు. మీటరు చూస్తే సరిగ్గా నూట పద్దెనిమిది. ఆయన మొన తుడుచుకుని, పొగలు కక్కుతున్న టీ ఒక్క గుక్కలో తాగేశారు.

"టీ సల్లారిపోనాదిరా."

కొండబాబు అప్పటికే ఒక గుక్క తాగి నాలుక కాల్చుకున్నాడు.

"అవును బావా," అన్నాడు నాలుక మీద విసురుకుంటూ, "సల్లారిపోనాది. మళ్ళీ కాయించమంతాను."