గెడ నేల తగిలేదాకా

నిన్న పొద్దున హాస్టల్‌లో ఉండగా మామయ్య ఫోన్ చేశాడు. "తాత లేడమ్మా" అన్నాడు.

"అంటే?" అన్నాను.

తాత నా చేత మాన్పించాలని చూసిన మాటే అది. ఆ వార్తకు నా నోటి నుంచి ముందు వచ్చింది అదే.

మా తాత ఇది చదివే మీలో చాలామందికి తెలుసు. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి, ఆ నీళ్ళలోనే బతికిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు. కానీ కుర్రతనంలో ఆయన నోట "అదేందంటే" లేకుండా ఒక్క మాట వచ్చేది కాదట.

అరవైల నాటి సంగతి. సరస్సులో మంచి చోట వల వేయడానికి ఒక్కో ఇంటికి ఒక్కో వంతు. చావు మైల వల్ల ఆ ఏడు తాత వాళ్ళు వేటకు పోలేదు. పోయిన వంతు మళ్ళీ ఇమ్మని పెద్దల కూటంలో అడగాలి. వాళ్ళ నాన్న జ్వరంతో పడుకుంటే తాత వెళ్ళాడు.

"అదేందంటే... మేము... అదేందంటే..."

"ఏంరా అబ్బయా, దారిలో అల్లుకొని వచ్చినావా ఈ కథ?" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు.

వంతు పోయింది. రొయ్యల కాలమంతా ఇంట్లో వల ఎండుతూనే ఉంది.

అప్పుడు వాళ్ళ బావ పడవలోకి ఎక్కించుకుని, నీళ్ళలో గుచ్చి పడవను తోసే గెడ చేతికిచ్చాడు. "అదేందంటే నోటికొస్తే గెడ ఏయి. అది నేల తగిలిందాకా నోరు మూసుకో. తగిలినాక మాట్లాడు."

కాసేపటికి ఆ బావే మొత్తుకున్నాడట. "చాల్లేరా సామీ! నీ అదేందంటేలతో పొద్దుగూకేసరికి మద్రాసులో తేల్తాం!"

ఈ మాట చెప్పి తాత ప్రతిసారీ కొత్తగా నవ్వేవాడు.

మరుసటి కూటంలో మళ్ళీ లేచి నిలబడ్డాడు. చేతిలో గెడ లేదు. అయినా నేల తగిలేదాకా ఆగాడు.

"మా ఇంట్లో మైల. అందుకే పోయినేడు వేట మానినాం. మా వంతు మాకియ్యండి."

ఇచ్చారు.

మొన్న సెలవుల్లో నా సెమినార్ స్పీచ్ ఆయన ముందు ప్రాక్టీస్ చేశాను. "అంటే" అనో "యాక్చువల్లీ" అనో అన్నప్పుడల్లా మంచం మీద నుంచే గాల్లో గెడ వేసేవాడు. "ఆ ఖాళీని చూసి బయపడబాక పాపా. మాట దాన్లోంచే వస్తది" అన్నాడు.

నాకు మాటల మీద ఇష్టం పుస్తకాల వల్ల వచ్చిందనుకునేదాన్ని. కాదు.

నిన్న సాయంత్రం తాతను తీసుకెళ్ళే ముందు, "చదువుకుంటుండావు, రెండు మాటలు చెప్పమ్మా" అన్నాడు మామయ్య.

లేచాను. "మా తాత..." అన్నాను.

"అంటే" నాలుక చివరిదాకా వచ్చింది.

నోరు మూసుకున్నాను. ఆగాను.

అందరూ ఎదురుచూశారు. ఎవరూ నవ్వలేదు.

ఎంతసేపు ఆగినా నేల తగల్లేదు తాతా.

దండం పెట్టి కూర్చున్నాను.

పోయిరా. ఇంక గెడ వేసే పని లేదు నీకు. నెమ్మదిగా నిద్రపో.