టవలు కింద చెయ్యి

1982లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా మదనపల్లె ఆసుపత్రికి వేశారు. మానసిక వైద్యంలో డిప్లొమా ఉన్న పాపానికి వారంలో ఒక రోజు పుంగనూరు, ఒక రోజు కుప్పం కూడా నాకే అంటగట్టారు. తెలివైనవాణ్ణనే భ్రమను మాత్రం ఎవరూ అంటగట్టలేదు, నేనే వెంట తెచ్చుకున్నాను. సంతలో బేరం ఎలా సాగుతుందో కనుక్కోకుండా పశువుల దళారికి వైద్యం మొదలుపెట్టిన మొనగాణ్ణి నేను.

ఆ దళారి పేరు మునివెంకటప్ప, పెద్దపంజాణి దగ్గరి పల్లె. కుడిచేతి వేళ్లు ఉన్నట్టుండి ఎగిరిపడేవి. మా భాషలో టిక్ అంటాం, మనిషి తలపెట్టకపోయినా పదేపదే వచ్చే కదలిక. ఇంకొకరికైతే చిన్న ఇబ్బందే. పుంగనూరు సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద టవలు కప్పుకుని, ఎదుటివాడి వేళ్లు పట్టి చెబుతారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర, పట్టాక వెనక్కి తీసుకోవడం లేదు. మునివెంకటప్ప వేళ్లు ఎగిరినప్పుడల్లా ధర ఎగిరేది. ఇంకోసారి గొడవైతే సంతలోకి రానిచ్చేది లేదని పెద్దలు తేల్చేశారు. అదే జరిగితే కుప్పం వైపు పోయి బండలు కొట్టుకోవడమే గతి.

మా పై అధికారి, డిప్యూటీ సివిల్ సర్జన్, అతణ్ణి వార్డు నడిమధ్య నిలబెట్టి, "వేళ్లు విరగ్గొడితే నాటకం ఆగుతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పైగా మత్తుమందు రాశాడు. మందు పడ్డాక మనిషి మందగించాడు, మందలో ఎద్దులే నయం. చొంగ కారుస్తూ సంతలో నిలబడ్డ అతణ్ణి చూసి నాకెక్కిన కోపం పెన్షన్ తీసుకునే ఈ వయసులోనూ దిగలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాని డాక్టరు రోగిని దొంగను చేస్తాడు.

మందు మాన్పించి, బెంగళూరులో చదివేటప్పుడు నేర్చిన అలవాటు మార్పిడి పద్ధతి మొదలుపెట్టాను. ముందు కనిపెట్టడం. వేళ్లు ఎగరబోయే ముందు చేతిలో ఏమవుతోందో గమనించమన్నాను. మరుసటి వారం మండిపడుతూ వచ్చాడు.

"ముందు వేళ్లే ఎగురుతాండె. ఇప్పుడు ఎగరక ముందే ఈడ జిలపెడతాండాది. ఉండేది తగ్గించమంటే ఇంకొగటి తగిలిస్తివి కదప్పా!"

అది కొత్తది కాదు. తుమ్ముకు ముందు ముక్కులో పుట్టే గుల లాంటిది, ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు మనసుకు చిక్కింది. చిక్కితేనే చేతిని ఆపడానికి సందు దొరుకుతుంది. ఆ సందులో, ఎగరడానికి వీల్లేని మరో పని చేతికి అప్పజెప్పాలి. గుల పుట్టగానే పిడికిలి బిగించి, అది చల్లారేదాకా ఉంచమన్నాను.

సంత రోజు చిరిగిన చొక్కాతో వచ్చాడు.

"నువ్వు సెప్పినట్లే పిడికిలి బిగిస్తి డాక్టరప్పా. వాని వేళ్లు అయిదూ నా పిడికిట్లో ఉండాయి. అయిదు పెంచినావని వాడు, లేదని నేను. టవలు ఎగిరిపాయ, సొక్కా సినిగిపాయ. యాల సదివినావప్పా నువ్వు?"

గొడవైనా ఎలాగో పెద్దల కాళ్లావేళ్లా పడి మరొక్క సంతకు గడువు తెచ్చుకున్నాడు. ఈసారి వేళ్లు వదులుగా ఉంచి, మోచెయ్యి డొక్కకు అదిమి, మణికట్టు బిగబట్టమన్నాను. నా టవలు కింద నా చెయ్యే పట్టించి సాధన చేయించాను. మొదట గుల ఓర్వలేనంతగా పెరిగేది. లొంగకుండా నిలిస్తే దానంతటదే దిగేది.

"ఇప్పుడు అది వస్తాది, తలుపు కొడతాది, పోతాది. నేను లేసేది లేదు" అన్నాడు.

ఆ సంత గొడవ లేకుండా గడిచింది. అతని చోటు అతనికి మిగిలింది.

నేను నేర్చుకున్నది ఇది. టిక్ నాటకం కాదు, అలాగని బొత్తిగా పట్టు చిక్కనిదీ కాదు. తెలియడానికీ చెయ్యడానికీ మధ్య ఉన్న సందును వెడల్పు చెయ్యడమే వైద్యం. ఆ సందులో పెట్టే అలవాటుకు రోగి బతుకుతెరువులో ఏం అర్థముందో ముందే అడగాలి.

కొన్నాళ్లకు మా డిప్యూటీ సివిల్ సర్జన్‌కు పుంగనూరు పొట్టి ఆవు మీద మోజు పుట్టింది. నన్ను వెంటబెట్టుకుని సంతకెళ్లి, అమ్మేవాడి తరఫున నిలిచిన మునివెంకటప్పతో తానే టవలు కింద చెయ్యి కలిపాడు. అరచేతిలో చక్కిలిగిలి పుట్టిందేమో, ఉలిక్కిపడి అవతలి వేళ్లన్నీ గట్టిగా పట్టేశాడు.

"ఖాయం సార్!" అన్నాడు మునివెంకటప్ప, చెయ్యి రవ్వంత కదలకుండా.

"కావాలని పట్టుకోలేదయ్యా, చెయ్యి దానంతటదే బిగుసుకుంది" అని మా సారు నా వైపు చూశాడు. సంత పెద్దలూ నా వైపే చూశారు. అలా జరగడం కద్దని నేనొక్క మాటంటే బేరం రద్దయ్యేది.

ఆవు తాడు ఆయన చేతిలో పెట్టి, "మంచి ఆవు సార్" అన్నాను.