బొట్టు పెట్టిన రైఫిల్

ఒడిశాలో ఉన్న మా బరంపురంలో ఒక నాయకుణ్ణి సభలో కాల్చి చంపారు. బతికుండగా మూడు పార్టీలు మారినవాడు. చచ్చాక ఆ మూడు పార్టీలవాళ్ళూ పాడె మోయడానికి ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈయనవి వారం తిరిగేసరికి చేటంతయ్యాయి. తన వీధి కాలవలో పూడిక కూడా తీయించని మనిషి, ఫ్లెక్సీల మీద పేదల పాలిటి దేవుడైపోయాడు.

నేను తుపాకులు పరీక్ష చేసే ప్రభుత్వ ల్యాబులో పని చేస్తాను. మా పనిలో పెద్ద మాయేమీ లేదు. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. వాటిని రాసుకుంటూ బయటికొచ్చే తూటా మీద ఆ గాడుల అచ్చు పడుతుంది, జంతికల గొట్టంలోంచి దిగే పిండి మీద గీతలు పడ్డట్టు. అనుమానం ఉన్న తుపాకీతో దూది కుక్కిన పెట్టెలోకి కాలుస్తాం. ఆ తూటానీ, శవంలోంచి తీసిన తూటానీ పక్కపక్కన పెట్టి మైక్రోస్కోపులో చూస్తాం. గీతలు కలిస్తే కలిశాయంటాం, లేకపోతే లేదంటాం. మా ఆడవాళ్ళు బట్టల కొట్లో జాకెట్టు ముక్క చీరకి కలిసిందో లేదో చూడ్డానికి ఇంతకంటే ఎక్కువ బుర్ర పెడతారు. టీవీవాళ్ళు మాత్రం దీన్ని బ్రహ్మవిద్య చేశారు. హల్దియాపదర్‌లో నేను టీ తాగే కొట్టు దగ్గర కూడా రోజూ నలుగురు నిపుణులు తయారు. రైఫిల్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళు తూటా ఎంత వాలుగా దిగిందో గ్లాసు వంచి చూపించేవారు.

పోలీసులకి దొరికింది గోసాని నువాగాంలో పప్పుల హోల్‌సేల్ కొట్టున్న ఒక ముసలాయన. తెలుగువాడే. తండ్రి నాటి నుంచి ఇంట్లో లైసెన్సు రైఫిల్ ఒకటుంది. శవంలో దొరికిన తూటా సైజూ, ఆ రైఫిల్ తూటా సైజూ ఒకటి. పైగా హత్యకి నెల ముందు, కొట్టుకి అడ్డంగా పందిరి గుంజలు పాతారని ఆయన నాయకుడి మనుషుల్ని నడివీధిలో తిట్టాడు. ఇంకేం కావాలి? తుపాకీ తెచ్చి ఇమ్మని ఎస్సై కబురంపాడు.

ఆయన తెచ్చి ఇచ్చాడు. అయితే మన ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. అరువు తెచ్చిన గిన్నె అయినా సరే, గడప దాటే వస్తువు మురికిగా వెళ్ళకూడదు. ఆయన రైఫిల్‌ని తుడిచి, గొట్టంలో నూనె గుడ్డ పెట్టి లాగి, మెరిసేలా చేశాడు. తండ్రి చేతి వస్తువు మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తుందో అని ఆయన భార్య దాని వెనక చెక్క మడమకి పసుపు రాసి మూడు కుంకం బొట్లు పెట్టింది. కొత్త తువ్వాల్లో చుట్టి, పెళ్ళికూతుర్ని పంపినట్టు స్టేషన్‌కి పంపారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఎస్సై ఎగిరి గంతేశాడు. సాక్ష్యం చెరిపేశాడని ముసలాయన్ని అక్కడికక్కడే అరెస్టు చేశాడు. మాకు పంపిన కాగితంలో, మడమ మీద రక్తాన్ని పోలిన ఎర్రటి మరకలు మూడు ఉన్నాయని రాశాడు. పార్సిల్ ఇవ్వడానికి ఆ మహానుభావుడు స్వయంగా వచ్చాడు. నుదుటి మీద రూపాయి కాసంత కుంకం బొట్టు. దాన్ని మాత్రం ఎవరూ రక్తమనుకోలేదు.

సీలు విప్పి ముందు శవంలోని తూటా తీశాను. భూతద్దం కింద పెట్టి చూశాను. మైక్రోస్కోపు దాకా వెళ్ళే అవసరమే రాలేదు. తూటా మీద గాడి అచ్చన్నది ఒక్కటీ లేదు, గోలీకాయలా నున్నగా ఉంది. అంటే అది గాడుల్లేని నీటి పైపు లాంటి గొట్టంలోంచి వచ్చింది, నాటు తుపాకీలోంచి. ముసలాయన రైఫిల్లో కొండచిలవ చుట్టల్లాంటి గాడులున్నాయి. ఎంత తుడిచినా, ఎంత నూనె రాసినా గాడులు చెరగవు. దాంట్లోంచి నున్నటి తూటా రావడమంటే జంతికల గొట్టంలోంచి లడ్డూ రావడమే. పది నిమిషాల్లో తేలిపోయింది. పద్ధతి ప్రకారం దూదిలోకి రెండు గుళ్ళు కాల్చి, ఫొటోలు తీసి, మధ్యాహ్నం భోజనానికి ముందే రిపోర్టు రాసేశాను.

మా పైఅధికారి అది చదివి సొరుగులో పెట్టుకున్నాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయనీ, ఇప్పుడిది బయటికెళితే నాయకుడి మనుషులు ఆఫీసు తగలబెడతారనీ, రిపోర్టుని దాని వరసలో రానిమ్మనీ ఒడియాలో మెల్లగా చెప్పాడు. ఆ గొంతులో భయం చూసి నాకు అసహ్యం వేసింది. అసహ్యించుకుంటూనే "ఆజ్ఞా" అని, చిత్తమన్నట్టు తలూపి వచ్చేశాను. ఎస్సై దున్నపోతు, అధికారి పిరికిపంద, టీవీవాళ్ళు గాడిదలు అని ఇంటికొచ్చి భార్యకి చెప్పాను. ఆవిడ కూర తాలింపు వేస్తూ, మరి నువ్వో అని అడగలేదు.

మూడో వారంలో ముసలాయన భార్య ఆఫీసు గేటు దగ్గరికొచ్చింది. నేను తెలుగువాణ్ణని ఎవరో చెప్పారట. ఎండలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"ఆ బొట్లు నానే పెట్టినాను బాబూ. ఆయనకేటీ తెల్దు. నా సేతులతో నానే ఆయన్ని జైలుకి పంపీసినాను. ఆ తుపాకీ ఏటి సెప్పిందో ఒక్క ముక్క సెప్పు బాబూ, నానెవరికీ సెప్పను."

చెప్పాల్సింది ఒక్క మాట. తుడవడం వల్ల గానీ బొట్ల వల్ల గానీ ఆయన జైలుకెళ్ళలేదు, మీ తప్పేం లేదు తల్లీ అనాల్సింది. "పరీక్ష ఇంకా నడుస్తోందమ్మా" అన్నాను. ఆవిడ తలూపింది. బస్టాండుకి దారెటని అడిగితే దగ్గరుండి ఆటో ఎక్కించాను. ఆ మర్యాద మాత్రం చేశాను.

ఎన్నికలయ్యాయి. చచ్చినాయన బావమరిది సానుభూతి మీద గెలిచాడు. తర్వాత వారం మా సొరుగు తెరుచుకుంది, రిపోర్టు కోర్టుకెళ్ళింది. అసలు నాటు తుపాకీ నాయకుడి సొంత అనుచరుడి ఇంట్లోనే దొరికింది, ఇసక వాటాల దగ్గర వచ్చిన తగువట. ఫ్లెక్సీలో దేవుడి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డది వాడే. టీ కొట్టు నిపుణులు మాకు ముందే తెలుసన్నారు.

ముసలాయన విడుదలయ్యాక ఒక ఉదయం ఛెనాపోడ మిఠాయి పొట్లం పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకున్నాడు. నా టేబులు దగ్గర కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆడది రోజూ అనేది బాబూ, ఆ బాబు మనోడు, మనకోసరం కళ్ళల్లో ఒత్తులేసుకోని సూసుంతాడు అని. అంత కష్టమా ఈ పని? ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు నెలలండి" అన్నాను.

డెబ్బై దాటిన మనిషి. నేను కాళ్ళు వెనక్కి లాక్కునేలోపే వంగి దణ్ణం పెట్టేశాడు. ఆయన వెళ్ళాక పొట్లం విప్పితే ఆఫీసంతా మూగింది. పైఅధికారికి ఒక ముక్క పంపించి నేనూ ఒకటి తిన్నాను. బాగుంది.